హోటలు బిల్లులో టిప్పు, సర్వీస్ చార్జీ, పైఖర్చులు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

తిన్నవాడు వడ్డించినవాడి చేతికి తన ఇష్టంతో ఇచ్చేది టిప్పు. యజమాని బిల్లు మొత్తం మీద శాతం కట్టి వసూలు చేసుకునేది సర్వీస్ చార్జీ. మెనూ కార్డులో లేకుండా బిల్లులో మాత్రమే తేలే పార్సిల్ డబ్బులు, ఏసీ హాలు రేటు, అడగకుండా టేబుల్ మీద పెట్టిన నీళ్ళ సీసా వంటివి పైఖర్చులు. వీటిలో ఏదీ పన్ను కాదు, ఏదీ ప్రభుత్వానికి చేరదు. అయితే పన్నుతో కలిసి ఒకే కాగితం మీద వరసగా పడుతుండటంతో ఏ రూపాయి ఎవరికి పోతుందో తినేవాడికి తెలియకుండా పోయింది. పాత చిత్తూరు జిల్లా పడమటి పట్టణాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో సర్వీస్ చార్జీ ఇంకా అరుదే. పైఖర్చులు మాత్రం మామూలు. ఈ ఊళ్ళకు పెద్ద నగరం బెంగళూరు కాబట్టి అక్కడి అలవాట్లు త్వరగానే ఇక్కడికి వస్తాయి.

పూటకూళ్ళ నుంచి కాఫీ హోటలు దాకా

తెలుగునాట అన్నానికి ధర కట్టిన పాత దాఖలాల్లో క్రీడాభిరామం అనే కావ్యం ఒకటి. ఓరుగల్లులో ఒక రూకకు ఎన్ని రకాలతో భోజనం పెట్టేవారో అందులో ఉంది. పూటకూళ్ళ ఇంటి లెక్క అదే: ఒక పూట, ఒక ధర, వడ్డన అందులోనే. ధర అసలే లేని అన్నం సత్రాలది. తిరుమలలో ఉచిత అన్నప్రసాద భవనానికి పేరైన తరిగొండ వెంగమాంబ పుట్టిన ఊరు మదనపల్లెకు దగ్గరలోని తరిగొండే. దేవస్థానం నిత్యాన్నదాన పథకం 1985లో మొదలైంది. తిరుపతి యాత్రికుల దారిలో ఉన్న ఈ ప్రాంతానికి అన్నం పెట్టి చెయ్యి చాచకూడదన్న మర్యాద బాగా తెలుసు.

బెంగళూరు, జోలార్‌పేట మధ్య రైలు మార్గం 1864లో తెరుచుకుంది. కుప్పం ఆ దారిలోని స్టేషనే. మద్రాసు రాష్ట్రంలో కాఫీ హోటళ్ళు, ఉడుపి హోటళ్ళు పెరిగిన తరువాత సర్వరు అనే ఉద్యోగం కుదురుకుంది. ఈనాం ఇచ్చే అలవాటు మనకు అంతకు ముందునుంచీ ఉంది. బిల్లు కట్టి, సోంపు పళ్ళెంలో చిల్లర వదిలి లేవడం మాత్రం హోటళ్ళతోనే వచ్చింది. అందులో శాతాల లెక్క లేదు. రోజూ వచ్చేవాడు పండగ పూట కాస్త ఎక్కువిస్తాడు, పిల్లలకు ఓపిగ్గా తినిపించనిచ్చిన సర్వరుకు కుటుంబంతో వచ్చినవాడు ఇస్తాడు. మదనపల్లె టమోటా మార్కెట్టు చుట్టుపక్కల తెల్లవారకముందే తినే హమాలీలు, లారీ డ్రైవర్లు బండి దగ్గర లెక్క నోటితోనే తేల్చుకుంటారు. అక్కడ బిల్లు కాగితమే ఉండదు, పైఖర్చుకు చోటెక్కడిది?

1980లలో బెంగళూరులో దర్శినులు వచ్చాయి. టోకెన్ తీసుకుని, నిలబడి తిని, ప్లేటు మనమే తీసి పెట్టే పద్ధతి అది. ధరలు తగ్గడానికి అది కొంత కారణం. సర్వరుతో పాటు టిప్పు కూడా అక్కడ లేకుండా పోయింది. మన ఊళ్ళ టిఫిన్ సెంటర్లు చాలావరకు ఆ దారినే నడుస్తున్నాయి.

పన్ను చేరిన బిల్లు

మన దేశంలో మొదటి సాధారణ అమ్మకపు పన్ను చట్టం 1939లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసులోనే ఉంది. తరువాత 1957లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకుంది. హోటల్లో వడ్డించే భోజనం అమ్మకమా, సేవా అన్న చిక్కు మాత్రం తెగలేదు. దాన్ని అమ్మకంగా చూసి పన్ను వేయడం కుదరదని సుప్రీంకోర్టు 1978లో ఒక ఢిల్లీ కేసులో చెప్పింది. ఆ తీర్పును దాటడానికి 46వ రాజ్యాంగ సవరణ చేశారు.

అసలు గందరగోళం 2011లో మొదలైంది. మద్యం లైసెన్సు ఉన్న ఏసీ రెస్టారెంట్ల మీద కేంద్రం సర్వీస్ ట్యాక్స్ వేసింది, 2013 ఏప్రిల్ నుంచి దాన్ని ఏసీ ఉన్న అన్నింటికీ విస్తరించింది. ప్రభుత్వానికి పోయే సర్వీస్ ట్యాక్స్, యజమాని ఉంచుకునే సర్వీస్ చార్జీ ఒకే బిల్లులో పక్కపక్కన పడ్డాయి. రెండూ ప్రభుత్వానివే అనుకుని లక్షలమంది మారు మాట్లాడకుండా కట్టారు. సర్వీస్ చార్జీ ఇంతగా వేళ్ళూనుకోవడానికి ఆ పొరపాటు చాలా దోహదం చేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఏసీ లేని హోటలుకు 12 శాతం, ఉన్నదానికి 18 శాతం పెట్టారు. మేడ మీద ఒక్క గదికి ఏసీ ఉన్నా కింద కూర్చుని తిన్నవాడికీ 18 శాతమే పడేది. అదే ఏడాది నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లన్నింటికీ 5 శాతంగా మార్చారు. చిన్న ఊళ్ళవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కాంపొజిషన్ పథకంలో చేరిన హోటలు తన పన్ను తానే కట్టుకోవాలి, తినేవాడి దగ్గర జీఎస్టీ అని వసూలు చేయకూడదు. ఏడాది వ్యాపారం కోటిన్నర రూపాయల లోపు ఉన్నవాళ్ళు ఆ పథకంలో చేరవచ్చు. బిల్లు మీద కాంపొజిషన్ అని రాసి, కింద పన్ను కూడా వేస్తే అది అక్రమం.

సర్వీస్ చార్జీ మీద పోరు

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లో సర్వీస్ చార్జీ పూర్తిగా ఐచ్ఛికమని, బిల్లులో ఆ గడి ఖాళీగా ఉంచి తిన్నవాడికే వదిలేయాలని చెప్పింది. పాటించినవాళ్ళు తక్కువ. 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న గట్టి మార్గదర్శకాలు తెచ్చింది. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే వేయకూడదు, మరో పేరుతోనూ తీసుకోకూడదు, కట్టనన్నవాడిని లోపలికి రానివ్వకుండా ఆపకూడదు, దాన్ని కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు.

రెస్టారెంట్ల సంఘాలు రెండు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2023 సెప్టెంబరులో కోర్టు ఒక సంఘం సభ్యులను ఆ చార్జీని సిబ్బంది వాటా అన్న పేరుతో, 10 శాతానికి మించకుండా తీసుకోమంది. చివరికి 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ మార్గదర్శకాలను సమర్థించి, సంఘాలకు చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించారు. సంఘాలు అప్పీలుకు వెళ్ళాయి. మెనూలో ధరలు పెంచుకునే స్వేచ్ఛ ఉండగా మళ్ళీ ఈ చార్జీ ఎందుకని 2025 ఆగస్టులో డివిజన్ బెంచి కూడా అడిగింది. ఆ ప్రశ్నకు సూటి జవాబు రావడం అవసరం. ధర ముందే తెలిస్తే తినేవాడు తినాలో వద్దో తేల్చుకుంటాడు. తిన్నాక తెలిస్తే కట్టడం తప్ప దారి లేదు.

నీళ్ళ సీసా విషయంలో చట్టం హోటళ్ళ వైపే కొంత మొగ్గింది. కూర్చోబెట్టి వడ్డించే చోట గరిష్ఠ ధర కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పింది. అయినా మామూలు నీళ్ళు ఇవ్వకుండా సీసా కొనిపించి, సర్వీస్ చార్జీ కూడా వేసిన ఒక రెస్టారెంటుకు హైదరాబాదులో జిల్లా వినియోగదారుల కమిషన్ 5,000 రూపాయల పరిహారం విధించింది.

డబ్బు ఎవరికి

సర్వీస్ చార్జీ మొత్తం సర్వర్లకే పంచుతామని యజమానులు అంటారు. పంచారో లేదో చూపాలని అడిగే ఏర్పాటు మన చట్టంలో లేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి టిప్పులు, సర్వీస్ చార్జీలు కోత లేకుండా పనివాళ్ళకే చేరాలన్న చట్టం అమల్లో ఉంది. అమెరికాలో మాత్రం టిప్పు వచ్చే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వవలసిన కనీస కూలి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచీ అది కదలలేదు. అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళకు 18, 20 శాతం టిప్పు చూసి దిగులు పుట్టేది ఇందుకే: అక్కడ అది జీతంలో భాగం. ఆంధ్రప్రదేశ్‌లో హోటలు పనికి కనీస వేతనం వర్తిస్తుంది, టిప్పు వస్తోందని కూలి తగ్గించే వీలు లేదు. కార్డు మీద ఇచ్చిన టిప్పును సిబ్బందికి పంచితే అది యజమాని ఇచ్చిన జీతం కాదని సుప్రీంకోర్టు 2016లో ఐటీసీ కేసులో తేల్చింది. అలాంటి డబ్బు యజమాని దయగా చెలామణి కావడం అన్యాయం.

ఫోను చెల్లింపులు వచ్చాక టిప్పు ఇంకా తగ్గింది. 187 రూపాయల బిల్లుకు 187 కొట్టి లేచిపోతాం, మిగిలే చిల్లర లేదు. క్యూఆర్ కోడ్ యజమానిది, సర్వరుది కాదు. ఇవ్వాలనుకున్నవాళ్ళు పది రూపాయల నోటు విడిగా పెట్టుకోవడమే మంచిది. ఇంటికి తెప్పించుకునేవాళ్ళకు మరో పైఖర్చు చేరింది. 2023లో హైదరాబాదు, బెంగళూరులలో స్విగ్గీ 2 రూపాయలతో మొదలుపెట్టిన ప్లాట్‌ఫామ్ ఫీజు 2025 నాటికి పది దాటింది.

ఫిర్యాదు

సర్వీస్ చార్జీ తీసెయ్యమని మొదట హోటల్లోనే అడగవచ్చు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు అడిగి తీసుకోవాలి, ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. అయిదు లక్షల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలును కూడా ఆ చట్టమే కొత్తగా ఇచ్చింది. దాంతో బెంగళూరు మాల్‌లో తిని సర్వీస్ చార్జీ కట్టి వచ్చిన కుప్పం మనిషి బెంగళూరు తిరగనక్కర్లేకుండా చిత్తూరులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.