జీహెచ్‌లో మొదలైన పెద్దల వైద్యం

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆసుపత్రిని మనం జీహెచ్ అంటాం. మన దేశంలో వృద్ధుల వైద్యానికి ప్రత్యేక విభాగం మొదట వచ్చింది అక్కడే, 1978లో. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు బ్రిటన్‌లో శిక్షణ పొంది వచ్చి దాన్ని నిలబెట్టారు. ఒక్కరే వైద్యం చేస్తే అది ఆయనతోనే ఆగిపోయేది. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఎండీ కోర్సు రావడంతో శిష్యులు తయారయ్యారు.

ఇప్పుడు కొత్తతరం పరిశోధకులు ఇంటింటికీ వస్తున్నారు. జ్ఞాపకశక్తి ప్రశ్నలు తమిళంలో అడిగితే, ఇంట్లో తెలుగే మాట్లాడే మన అవ్వ తడబడుతుంది. అది మతిమరుపా, భాష రాకపోవడమా? వాళ్లకు పాఠం చెప్పే గురువులున్నారు. ఈ తేడా మాత్రం మనమే చెప్పాలి. ఈసారి ఎవరైనా వస్తే పక్కన కూర్చుని మాట సాయం చేద్దాం.