ఒక పేరు - రెండు దుంపలు

పెద్దలు వ్రాసి ఉంచిన వంటల పుస్తకములలో కూరగాయల పేర్లు ఆయా సీమల వాడుకను అనుసరించి ఉండును. ఒక జిల్లావారికి నిత్యపరిచితమైన పేరు మరియొక జిల్లావారికి తెలియదు. తెలియని పేరును అడిగి తెలిసికొనవచ్చును. తెలిసినట్లే తోచి, వేరొక వస్తువును స్ఫురింపజేయు పేరుతోనే అసలు చిక్కు.

ఒకే మొక్కకు పలు పేర్లుండుట మొదటి రకము. గోరుచిక్కుడును తెలంగాణములో గోకరకాయ అనియు, రాయలసీమలో మటిక్కాయ అనియు అందురు. గోంగూరయే తెలంగాణములో పుంటికూర. బంగాళాదుంప ఒకచోట ఆలుగడ్డ, మరియొకచోట ఉర్లగడ్డ. వీనివలన హాని లేదు. ఒకే పేరు, లేక ఒకే తీరు పేరు, రెండు మొక్కలకు చెందుట రెండవ రకము. కోస్తా జిల్లాలలో ఆనపకాయ అనగా సొరకాయ. చిత్తూరు సీమలో అనపకాయ అనగా చిక్కుడుజాతి కాయ. ఒక్క దీర్ఘముతో మొక్క కుటుంబమే మారిపోయినది!

ఈ రెండవ రకమునకు మంచి ఉదాహరణము కంద. తెలంగాణములో కందగడ్డ అనగా కోస్తావారి చిలగడదుంప, రాయలసీమవారి గెనుసుగడ్డ. కోస్తాలో కంద అనగా బచ్చలికూరతో కలిపి వండు పెద్ద దుంప. కందగడ్డను నిప్పులలో కాల్చి తినవలెనని తెలంగాణపు ఇల్లాలు చెప్పినచో అది తీయని ఫలహారము. ఆ మాటను కోస్తా పాఠకుడు తన కందకు అన్వయించి, సగము కాలిన ముక్కను నోట వేసికొన్నచో నాలుక, గొంతు దురదపెట్టి మండును. కంద కణములలో కాల్షియం ఆక్సలేటు సూదులవంటి స్ఫటికములుగా, కట్టలు కట్టలుగా ఉండును. నమలునపుడు ఇవి నోటిలోని మెత్తని పొరలలో గుచ్చుకొనును. అందుచేతనే కందను బాగుగా ఉడికించి చింతపండు పులుసు చేర్చుట ఆచారమైనది. చిలగడదుంపతో ఈ బాధ లేదు. దానిని పచ్చిగానైనను తినవచ్చును. అది తూటికూర కుటుంబపు మొక్క. మనము తినునది దాని ఊరిన వేరు. కంద చేమ కుటుంబమునకు చెందినది. మనము తినునది దాని భూగర్భ కాండము.

ఇంత భేదమున్న రెంటికి ఒకే పేరేల? సంస్కృతమున కందము అనగా దుంప అని సామాన్యార్థము. కంద ఆసియా ఖండపు మొక్క. చిలగడదుంప అమెరికాది, 1492 తరువాత ఐరోపావారి రాకపోకలతో ఈ దేశమునకు చేరినది. క్రొత్తగా వచ్చిన దుంపను జనులు తెలిసిన మాటతో పిలుచుట సహజమే.

ఈ పేర్ల చిక్కును వృక్షశాస్త్రజ్ఞులు ఏనాడో గుర్తించిరి. 1678 నుండి 1693 వరకు 12 సంపుటములుగా వెలువడిన 'హార్టస్ మలబారికస్' మలబారు మొక్కల చిత్రములతో స్థానిక నామములను కూడ ముద్రించినది. సామర్లకోటలో పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు కందకు 'ఏరమ్ కంపాన్యులేటమ్' అని పేరిడెను. తరువాత అది అమార్ఫోఫాలస్ ప్రజాతిలో చేర్చబడినది. అయితే మలబారు గ్రంథములోని చిత్రమును ఆధారముగా గొని డెన్‌స్టెట్ 1818లోనే దీనికి వేరొక పేరు పెట్టియుండెను. ముందు పెట్టిన పేరే నిలువవలెనను నియమము ననుసరించి 1977లో 'అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్' స్థిరపడినది. శాస్త్రనామములును మారునుగాని, కారణము లేక మారవు.

తెలుగు పేర్లను శాస్త్రనామములతో జతపరచుచు వాల్టర్ ఎలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రకటించెను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములను జిల్లాలవారీగా చూపినది.

ఈ పని పాఠశాలలోను సాగవచ్చును. విద్యార్థులు తమ ఇండ్లలో వాడు కూరగాయల పేర్లను వ్రాసి, ప్రతి పేరునకు ఎదురుగా ఆ కాయనో దుంపనో చూచి బొమ్మ గీయవలెను. వస్తువును చూడక వ్రాసిన పేరు సగము జ్ఞానమే. మిగిలిన సగము ఏమో ఒక కంద ముక్క చక్కగా తెలియజేయును.