అద్దెకు 30 శాతం: ఒక లెక్క పుట్టిన కథ

న్యూయార్క్‌లో ఇల్లు అద్దెకు కావాలంటే ఓనరు ముందుగా అడిగేది ఆదాయం ఎంతని. నెల అద్దెకు 40 రెట్లయినా ఏడాది సంపాదన ఉండాలన్నది అక్కడ పాతుకుపోయిన ఆనవాయితీ. అద్దె 2,500 డాలర్లయితే ఏడాదికి లక్ష డాలర్లు చూపించాలి. చూపించలేకపోతే పూచీ పడే మనిషిని వెతుక్కోవాలి. చదువు ముగించుకుని మొదటి ఉద్యోగంలో చేరిన తెలుగు పిల్లలు నలుగురు కలిసి ఒకే అపార్ట్‌మెంటులో సర్దుకోవడానికి ఈ లెక్క కూడా ఒక కారణం. 12ని 40తో భాగిస్తే తేలేది 30 శాతం. డబ్బు విషయంలో సలహాలిచ్చేవాళ్లు హైదరాబాద్‌లోనూ ఇదే అంకె చెబుతారు: జీతంలో 30 శాతానికి మించి అద్దె కట్టొద్దని.

వినడానికి ఇది పెద్దల అనుభవంలోంచి వచ్చిన మాటలా ఉంటుంది. కానీ దీని వెనక ఉన్నవి గణాంక అధికారుల వాదన, పేదల అద్దె సమ్మె, ప్రభుత్వ ఖర్చుల కోత.

వాదన జర్మనీలో మొదలైంది. సాక్సనీ గణాంక శాఖను నడిపిన ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులను పరిశీలించి, సంపాదన తక్కువైన కొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని తేల్చాడు. మరి అద్దె సంగతేమిటి? 1868లో బెర్లిన్ గణాంక కార్యాలయం అధిపతి హెర్మన్ ష్వాబె ఆ ప్రశ్న పట్టుకున్నాడు. నగరంలోని ప్రభుత్వోద్యోగుల, పన్ను కట్టేవాళ్ల ఆదాయాలనూ అద్దెలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. అద్దె బరువు కూడా పేదవాడి మీదే ఎక్కువని ఆ లెక్కలు చూపించాయి. చిన్న గుమాస్తా ఆదాయంలో పెద్ద ముక్కను ఇంటి యజమాని చేతిలో పెడుతుంటే, ధనికుడు మంచి ఇంట్లో ఉంటూ కూడా తన ఆదాయంలో చిన్న ముక్కే ఇస్తున్నాడు.

అమెరికాలో కార్మిక గణాంకాలకు ఆద్యుడనదగిన కారల్ రైట్ 1875లో మసాచుసెట్స్ కార్మిక కుటుంబాల బడ్జెట్లు సేకరించి, ఎంగెల్ సూత్రాన్ని అక్కడివాళ్లకు పరిచయం చేశాడు. ఆదాయం ఎంతైనా అద్దె వాటా దాదాపు ఒకేలా ఉంటుందన్న మాట కూడా ఆయన ద్వారానే వ్యాపించింది. ష్వాబె చూపించినది దీనికి విరుద్ధం. అయినా అందరికీ ఒకే శాతం అన్నదే నిలిచింది, గుర్తుపెట్టుకోవడం తేలిక కదా. నెల అద్దె వారం కూలిని మించకూడదన్న మాట అప్పటికే అమెరికన్ల నోళ్లలో ఉంది. అంటే సుమారుగా పావు వంతు.

కొన్ని దశాబ్దాల తర్వాతి బొంబాయిని చూస్తే శాతాన్ని మాత్రమే నమ్మడంలో ఉన్న ప్రమాదం తెలుస్తుంది. 1921–22లో బొంబాయి లేబర్ ఆఫీసు జి. ఫిండ్లే షిరాస్ ఆధ్వర్యంలో కార్మికుల ఇంటి ఖర్చులు ఆరా తీసింది. అద్దెకు పోతున్నది మొత్తం ఖర్చులో 8 శాతం లోపే అని తేలింది. కాగితం మీద చూస్తే బొంబాయి మిల్లు కార్మికుడు బెర్లిన్ గుమాస్తా కంటే హాయిగా ఉన్నట్టే. అసలు సంగతి 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ నివేదికలో ఉంది. 1921 నాటికి నగర కార్మికుల్లో 97 శాతం మంది ఒంటి గదుల్లో ఉన్నారు. ఒక్కో గదిలో ఆరు నుంచి తొమ్మిది మంది దాకా.

ఆ గదుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు బొంబాయి బట్టల మిల్లుల్లో మగ్గాలు నడిపారు. వాళ్లకంటే ముందే వెళ్లి కట్టడం పనుల్లో చెమటోడ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు నిలిచింది. చాలీ అనే వరస గదుల భవనంలో గది అంటే పొయ్యి, పడక, పసిపిల్ల ఊయల అన్నీ ఆ నాలుగు గోడల మధ్యే. కుళాయి, మరుగుదొడ్డి అంతస్తు మొత్తానికీ ఉమ్మడి. రాత్రి పాళీకి వెళ్లినవాడి చాప మీద పగటి పాళీవాడు నడుం వాల్చేవాడు. అద్దె వాటా తక్కువగా కనిపించిందంటే, వాళ్లు కొనుక్కున్న చోటే అంత తక్కువ మరి. ఎంత శాతం అన్న ప్రశ్న పక్కనే ఎంత చోటు, ఎందరికి అన్న ప్రశ్న లేకపోతే ఆ లెక్కకు విలువ లేదు.

అమెరికాలో ఈ శాతం చట్టంలోకి కూడా ఎక్కింది. 1937 హౌసింగ్ చట్టం కింద పేదలకు ప్రభుత్వం ఇళ్లు కట్టించింది. కుటుంబ ఆదాయం అద్దెకు ఐదు రెట్లు దాటితే ఆ ఇంట్లోకి రానిచ్చేవారు కాదు, పెద్ద కుటుంబాలకైతే ఆరు రెట్ల దాకా వెసులుబాటు. ఐదు రెట్లంటే అద్దె 20 శాతం. అక్కడ ఆ అంకె చేసిన పని ఒక్కటే, పేదలు కానివాళ్లను బయట ఉంచడం. ఇంత అద్దె కట్టడం మంచిదని అది ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ముప్ఫై ఏళ్లలో పరిస్థితి తిరగబడింది. కట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది కానీ నిర్వహణ ఖర్చు అద్దెల నుంచే రావాలంది. భవనాలు పాతబడ్డాయి, మరమ్మతులు పెరిగాయి, ఉన్నంతలో సంపాదన గలవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. మిగిలిన పేదల మీదే అద్దె పెంచుకుంటూ పోయారు. సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్-ఐగో కాలనీ ఇందుకు పేరు మోసిన ఉదాహరణ. 11 అంతస్తుల భవనాలు 33. పొదుపు కోసం లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగకుండా కట్టారు. దిగినవాళ్లు సరుకుల సంచులు, చంటిపిల్లలతో చీకటి మెట్లు ఎక్కీ దిగీ ఇల్లు చేరాలి. ఆ లిఫ్టులూ చెడిపోతుంటే, అద్దె మాత్రం పెరిగింది. ఆదాయంలో సగానికి పైగా అద్దెకే పోయే కుటుంబాలు తయారయ్యాయి.

1969 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ ప్రభుత్వ కాలనీల జనం అద్దె కట్టడం మానేశారు. ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువ మంది నల్లజాతి మహిళలు, పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్న తల్లులు. తొమ్మిది నెలలు పట్టు వదల్లేదు. చివరికి అద్దె ఆదాయంలో పావు వంతు దాటకూడదన్న ఒప్పందం సాధించుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆ పావు వంతే దేశంలోని ప్రభుత్వ ఇళ్లన్నిటికీ చట్టమైంది. దాన్ని తెచ్చినవాడు మసాచుసెట్స్ సెనెటర్ ఎడ్వర్డ్ బ్రూక్. ప్రజల ఓటుతో అమెరికన్ సెనెట్‌కు ఎన్నికైన తొలి నల్లజాతీయుడు ఆయనే. 25 శాతం అన్న అంకెలో గౌరవించాల్సినది ఈ పోరాటాన్ని.

మరి 30 ఎలా అయింది? 1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకునే బడ్జెట్ చట్టంలో భాగంగా పేద అద్దెదారుల వాటాను 25 నుంచి 30కి పెంచింది. 30 శాతం కట్టినా కుటుంబం బతకగలదని ఎవరో పరిశోధించి చెప్పినందుకు కాదు, ఖజానాకు భారం తగ్గాలని. సమ్మె చేసి గెలుచుకున్న పరిమితిని పన్నెండేళ్లకే సడలించారు. ఆ సడలించిన అంకే గీటురాయి అయింది. నేడు అమెరికాలో 30 శాతం దాటి కట్టే కుటుంబాన్ని అద్దె భారం ఉన్న కుటుంబంగా లెక్కిస్తారు. హార్వర్డ్ హౌసింగ్ అధ్యయన కేంద్రం ప్రకారం 2022లో అలాంటి అద్దె కుటుంబాలు 2 కోట్ల 24 లక్షలు, అంటే అద్దెకున్నవాళ్లలో సగం.

మన ప్రభుత్వోద్యోగుల లెక్క దీనికంటే ఎంతో దయగలది. బ్రిటిష్ కాలపు ఫండమెంటల్ రూల్స్ ప్రకారం క్వార్టర్స్‌లో ఉండే ఉద్యోగి నుంచి వసూలు చేసే అద్దె జీతభత్యాల్లో 10 శాతం దాటకూడదు. 1987 దాకా కేంద్ర ఉద్యోగులకు ఈ హద్దే నడిచింది, తర్వాత ఇంటి వైశాల్యాన్ని బట్టి కట్టే పద్ధతి వచ్చింది. 10 శాతం అన్న అంకె ఆదాయపు పన్నులోనూ కనిపిస్తుంది. ఇంటద్దె భత్యం మినహాయింపు చూసేటప్పుడు కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేస్తారు. జీతం 50,000, అద్దె 15,000 అయితే లెక్కకు వచ్చేది 10,000. జీతంలో పదో వంతు ఎవరైనా సొంతంగా భరించాల్సిందే అన్నది అందులోని ఊహ. ఇదే నిబంధన కింద చాలా ఏళ్లు ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలకు జీతంలో 50 శాతం దాకా హద్దు ఉంటే, హైదరాబాద్‌ను 40 శాతం ఊళ్ల జాబితాలోనే ఉంచారు. మాదాపూర్, కొండాపూర్ అద్దెలు ఎక్కడికో వెళ్లిన తర్వాత కూడా అంతే.

ఏ అంకె పెట్టినా ఒక లోపం పోదు. నెలకు 20,000 సంపాదించే ఇంట్లో 30 శాతం తీస్తే మిగిలేది 14,000. బియ్యం, పాలు, పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మానాన్నల మందులు అన్నీ అందులోనే. రెండు లక్షలు సంపాదించే ఇంట్లో అదే 30 శాతం పోయినా లక్షా నలభై వేలు ఉంటాయి. మైకేల్ స్టోన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1993లో వెలువరించిన ‘షెల్టర్ పావర్టీ’ పుస్తకంలో ఈ లెక్కను తలకిందులు చేయాలన్నాడు. అద్దె పోగా మిగిలిన డబ్బుతో ఆ కుటుంబం తిని, కట్టుకుని, వైద్యం చేయించుకోగలదా అన్నదే చూడాలన్నాడు. ష్వాబె గమనించినదానికి న్యాయం చేసే పద్ధతి ఇదే.

2023–24 గృహ వినియోగ సర్వే ప్రకారం మన పట్టణాల్లో అద్దెకు పోయేది ఇంటి ఖర్చులో సగటున ఆరున్నర శాతం. సొంతింట్లో ఉంటూ అద్దె కట్టని కుటుంబాలనూ కలిపి తీసిన సగటు అది. అమీర్‌పేటలోనో మర్రిపాలెంలోనో రెండు గదుల పోర్షన్ వెతుక్కునే కుటుంబానికి ఆ ఆరున్నరా పనికిరాదు, అమెరికా బడ్జెట్ కోతలో తేలిన ముప్ఫైయ్యీ పనికిరాదు. టులెట్ బోర్డుకు ఫోన్ చేసేముందే తిండి, చదువు, మందులు, ఇంటికి పంపాల్సినది, ఆఫీసుకు రానూపోనూ చార్జీలు వరసగా రాసుకోండి. మిగిలినదాంట్లోంచి మెయింటెనెన్సు, నీళ్లు, కరెంటు తీసేయండి. ఆ తర్వాత ఉన్నదే మీరు కట్టగలిగిన అద్దె, అది పది శాతమైనా, ముప్ఫై అయినా.