బర్టన్ బావి నీరు

బీరును సమర్థించుట నా ఉద్దేశం కాదు; చెప్పదలచినది నీటి కథ.

ఇంగ్లండులో ట్రెంట్ నదీతీరాన బర్టన్ అనే పట్టణం ఉన్నది. 1820ల నుండి భారతదేశంలోని తెల్లదొరల కోసం లేతరంగు బీరును ఓడలలో పంపి అది పేరుపొందినది. లండన్ బీరుకు ఆ పదునైన చేదు పట్టుబడలేదు. చివరికి కొందరు లండన్ వ్యాపారులు బర్టన్‌లోనే కర్మాగారాలు నెలకొల్పుకొన్నారు.

కారణం నేర్పు కాదు, నీరు. బర్టన్ బావులలోనికి నీరు జిప్సం పొరల గుండా ఊరుతుంది. అందలి కాల్షియం మాల్టులోని ఫాస్ఫేటుతో కలిసి, ధాన్యపు పిండిపదార్థం చక్కెరగా మారుటకు కావలసిన కొద్దిపాటి ఆమ్లత్వాన్ని కలిగిస్తుంది; సల్ఫేటు హాప్స్ చేదును తేటపరుస్తుంది. లండన్ నీటిలోని బైకార్బనేటు ఆ ఆమ్లత్వాన్ని హరిస్తుంది. వేయించిన మాల్టుకు సహజంగా పులుపు ఉండుటచేత అక్కడ నల్లని పోర్టరే బాగా కుదిరినది. 19వ శతాబ్ది చివరి పాదంలో రసాయనవేత్త విన్సెంట్ పద్ధతి చూపగా, ఇతర ఊళ్లవారు జిప్సం కలిపి బర్టన్ నీటిని తామే చేసుకొన్నారు. నేడు ఇంట బీరు కాచుకొనేవారు చెంచాతో చేసేదీ అదే.

అయితే కలుపుట సులువు, తీయుట కష్టం. మరిగిస్తే బైకార్బనేటు కాఠిన్యం పాత్ర అడుగున తెల్లగా పేరుకొంటుంది. జిప్సం నీటిలోనే నిలుస్తుంది. సల్ఫేటు మితిమీరితే విరేచనాలు కావచ్చు. ఫ్లోరైడు సైతం మరుగుటవలన పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. నల్లగొండ బోరునీటిని ఎంత కాచి త్రాగినా ఎముకలకు రక్షణ లేకపోవుట ఇందుచేతనే.