ఊపిరిని నమ్ముకున్న ఉపాధ్యాయుడు
కోడి రామ్మూర్తి నాయుడి జీవితం.. ఆత్మరక్షణ విద్యకు పాఠం

నరసాపురం: ఆత్మరక్షణ విద్య అనగానే నేటి తల్లిదండ్రులకు గుర్తుకు వచ్చేవి తెల్లని దుస్తులు, నల్లని బెల్టు, చేతి దెబ్బకు పగిలే పెంకులు. నిజానికి ఈ విద్య మనకు కొత్తది కాదు. సాము గరిడీలలో కర్ర పట్టి, కుస్తీ గోదాలో మట్టి పూసుకొని దేహాన్ని తీర్చిదిద్దుకున్న తరాలు తెలుగునాట ఉన్నాయి. ఆ పరంపరలో అగ్రగణ్యుడు కోడి రామ్మూర్తి నాయుడు. 'కలియుగ భీముడు'గా ప్రఖ్యాతి పొందిన ఆయన వృత్తిరీత్యా వ్యాయామోపాధ్యాయుడన్న సంగతి చాలామందికి తెలియదు.

వీరఘట్టం నుంచి విజయనగరానికి..
రామ్మూర్తి ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. చిన్ననాటనే తల్లిని కోల్పోయి, విజయనగరంలోని బంధువుల ఇంట పెరిగారు. అక్కడి వ్యాయామశాలలో కుస్తీ, దేహదారుఢ్యం అభ్యసించారు. అనంతరం మద్రాసు వెళ్లి వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, తిరిగి విజయనగరం చేరి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేశారు. తరువాత మిత్రుడు పొట్టి పంతులు ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ నెలకొల్పి ఊరూరా ప్రదర్శనలిచ్చారు.

ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, కదలబోయే కారును ఆపడం, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం ఆయన ప్రదర్శనలలో ప్రధానమైనవి. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల సమక్షంలో విద్య చూపి 'ఇండియన్ హెర్క్యులస్' బిరుదు పొందారు. ఇంతటి బలశాలి శాకాహారి కావడం విశేషం. కండబలంకంటె ప్రాణాయామానికే, మనస్సును ఒకచోట నిలపడానికే ఆయన ప్రాధాన్యమిచ్చారు.

చివరి దశలో ఆయన కాలికి శస్త్రచికిత్స జరిగి, కాలు తీసివేయవలసి వచ్చింది. 1942లో ఒడిశాలో కన్నుమూశారు. శ్రీకాకుళంలోని క్రీడా ప్రాంగణం ఆయన పేరుతోనే ఉంది. ఎంతటి బలమైనా శాశ్వతం కాదని, అలవడిన క్రమశిక్షణే మిగులుతుందని ఆయన జీవితం చెబుతున్నది.

అవతలి ఒడ్డున తాలింఖానా
నరసాపురం రేవులో పంటి ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగితే కోనసీమ. అక్కడి అమలాపురంలో దసరాకు వీధుల వారీగా 'చెడీ తాలింఖానా' ప్రదర్శిస్తారు. కర్రసాము, కత్తిసాముతో పాటు కళ్లకు గంతలు కట్టుకొని మనిషి దేహంపై ఉంచిన కాయలను కత్తితో నరకడం ఇందులో ప్రత్యేకత. కత్తి పట్టినవాని నేర్పు ఎంత అవసరమో, కదలక పడుకున్నవాని ధైర్యమూ అంతే అవసరం. గురువుపై నమ్మకం లేనిదే ఈ విద్య సాగదు.

1882లో జపాన్‌లో జిగోరో కానో జూడో శిక్షణాలయం 'కోడోకాన్'ను స్థాపించారు. ఆధునిక కరాటేను జపాన్‌కు పరిచయం చేసిన గిచిన్ ఫునకోషి కూడా బడిపంతులే. ముందుగా చేయి చేసుకోరాదన్నది ఆయన బోధనలలో ముఖ్యమైనది. దేశాలు వేరైనా ఈ ముగ్గురూ విద్యను బడికి చేర్చినవారే.

చట్టం ఏమంటున్నది?
ఆత్మరక్షణకు చట్టం అండ ఉన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఈ హక్కును వివరిస్తాయి. అంతకు మునుపు ఇవి భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉండేవి. తన దేహాన్నే కాక, ఇతరుల దేహాన్ని కాపాడడానికీ ఈ హక్కు వర్తిస్తుంది. అయితే రక్షణకు అవసరమైన దానికంటె ఎక్కువ హాని చేయడానికి వీలులేదు. దాడి చేసినవాడు పారిపోతుండగా వెంటపడి కొట్టడం రక్షణ కాదు, కక్ష. ఈ గీత ఎక్కడున్నదో శిష్యులకు చెప్పని శిక్షణ సగం శిక్షణే.

బాలికలకు అవసరం
ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల బాలికల కోసం సమగ్ర శిక్షా పథకం కింద 'రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ ప్రశిక్షణ్' పేరిట మూడు నెలల శిక్షణకు ఏర్పాటు ఉన్నది. మూడు నెలల్లో ఎవరూ వీరులు కారు. పట్టిన చేతిని విడిపించుకోవడం, గట్టిగా కేక వేయడం, జనమున్న చోటికి పరుగెత్తడం, 112కు ఫోన్ చేయడం మాత్రం అలవడతాయి. ఆపద తెలిసినవారి నుంచే ఎదురైతే ఇంట్లో చెప్పే ధైర్యమూ ఇందులో భాగమే. అందుకు పెద్దలు పిల్లల మాట నమ్మాలి.

వశిష్ఠ గోదావరి, కాలువలు, సముద్రతీరం ఉన్న ఈ ప్రాంతంలో ఈతను కూడా ఆత్మరక్షణ విద్యగానే ఎంచాలి. ఊపిరిని అదుపులో ఉంచుకొని, కంగారు పడకుండా ఉండడమే అక్కడా ప్రాణం నిలుపుతుంది. రామ్మూర్తి గొలుసు తెంచినదీ ఆ ఊపిరితోనే.

పిల్లలను శిక్షణకు పంపేముందు తల్లిదండ్రులు బెల్టు ఎన్నాళ్లకు వస్తుందని కాక, కోపాన్ని అణచుకోవడం గురువు నేర్పుతున్నారా అని విచారించడం మేలు.