నడినెత్తి చుక్క

కార్తీక మాసంలో ఉపవాసం ఉన్నవాళ్లు చుక్క పొడవగానే దండం పెట్టుకుని విస్తరి ముందు కూర్చుంటారు. ఈసారి భోజనమయ్యాక శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మేడ ఎక్కి తల బాగా వెనక్కి వాల్చి చూడండి. నెల మొదట్లో రాత్రి 7 గంటల వేళ, పూర్వాభాద్ర చుక్కలకు పడమటి పక్క, సరిగ్గా మన నడినెత్తిన ఒక నక్షత్రం ఉంటుంది. ఉత్త కంటికి ఆనదు, బైనాక్యులర్‌కు దొరుకుతుంది. పేరు హెచ్‌డీ 209458. మన సూర్యుడి లాంటిదే. దాని చుట్టూ గురుగ్రహం జాతికి చెందిన ఒక పెద్ద గ్రహం మూడున్నర రోజులకొక చుట్టు తిరుగుతోంది. తన సూర్యుడి ముందు నుంచి దాటిపోతూ మనిషికి పట్టుబడ్డ తొలి పరాయి గ్రహం అదే.

దొరికింది 1999లో, అమెరికాలో. అయితే దాన్ని పట్టిచ్చిన ఉపాయాలు రెండు. ఆ రెండింటికీ మన తెలుగు తీరంతో పాత చుట్టరికం ఉంది.

మొదటిది గుంటూరుది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చి, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపును సూర్యుడి అంచున లేచే మంటల మీదికి తిప్పాడు. మెరిసే గీతలు కనిపించాయి. గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని మర్నాడే రుజువు చేశాడు. ఆ గ్రహణంలో కనిపించిన ఒక పసుపుపచ్చ గీతను సోడియందని మొదట అనుకున్నారు. కాదని తేలాక, అప్పటికి భూమ్మీద ఎవరూ ఎరగని ఆ మూలకానికి సూర్యుడి పేరే పెట్టారు. అదే హీలియం. అందనంత దూరంలో ఉన్నదాని సంగతి దాని వెలుగులోని గీతలే చెబుతాయని లోకానికి గట్టిగా తెలిసిన సందర్భం అది.

రెండోది విశాఖపట్నానిది. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకొచ్చిన జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత డబ్బుతో వేధశాల కట్టించాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నాడు.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. అంతకు ముందు అలా జరిగింది 1769లో. ఆ దాటుకు పట్టే కాలాన్ని వేర్వేరు చోట్ల నుంచి కొలిస్తే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం లెక్క కట్టవచ్చు. అందుకే దేశదేశాల వాళ్లు ఓడలెక్కి బయలుదేరారు. గుంటూరు వచ్చిన జాన్సెన్ ఈసారి జపాన్‌లోని నాగసాకి వెళ్లి, వరసగా ఫొటోలు తీసే కొత్త కెమెరా బిగించాడు. అదే ఉదయం నరసింగరావు ఇక్కడ ఆరంగుళాల దుర్భిణి దగ్గర కూర్చున్నాడు. పొద్దెక్కే వేళ సూర్యుడి అంచున చిన్న నొక్కు పడింది. అది గుండ్రని నల్లచుక్కయి, నాలుగున్నర గంటల పాటు మెల్లగా జరిగి, మధ్యాహ్నానికి అవతలి అంచు దాటింది. అంచు తాకిన క్షణాన్ని గడియారంలో పట్టుకోవడమే అసలు పని. ఆయన పరిశీలన లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

శుక్రుడు అడ్డొస్తే సూర్యుడి వెలుగు తగ్గేది వెయ్యో వంతు. అదే గురుడంత గ్రహం దూరపు సూర్యుడికి అడ్డొస్తే నూరో వంతు తగ్గుతుంది. అంతదూరాన నల్లచుక్క కనిపించదు గానీ వెలుగులో తరుగు కనిపిస్తుంది. ఇంకో దారీ ఉంది. తిరునాళ్లలో తండ్రి పిల్లాణ్ణి చేతులు పట్టుకుని గిరగిరా తిప్పుతుంటే, ఆ తండ్రి కూడా కాస్త వెనక్కి వాలి చిన్న చుట్టు తిరుగుతాడు. గ్రహాన్ని తిప్పేటప్పుడు నక్షత్రం కూడా అంతే. అది మన వైపు వచ్చేటప్పుడూ దూరంగా పోయేటప్పుడూ వెలుగులోని గీతలు అటూ ఇటూ జరుగుతాయి. ఆముదాలవలస స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరకొస్తూ ఒకలా, దాటిపోతూ ఒకలా వినిపిస్తుంది చూడండి, అలాగన్నమాట.

తమ సూర్యుడికి బాగా దగ్గరగా తిరిగే పెద్ద గ్రహాలను ఈ రెండు దారుల్లోనూ వెతకవచ్చని 1952లోనే ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవ్ రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 12 ఏళ్లు పడుతుంది, పెద్ద గ్రహం సూర్యుడికి అంత దగ్గరగా ఎలా ఉంటుందనుకున్నారు. 1995లో మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ గీతల కదలికను బట్టి 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ 4.2 రోజులకొకసారి తిరిగే గ్రహాన్ని పట్టుకున్నాక ఆ అనుమానం తీరింది.

ఇక అడ్డొచ్చే గ్రహం దొరకాలి. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలే సూర్యకిరణం గర్భగుడిలోకి చేరి స్వామి పాదాలు తాకుతుంది. సూర్యుడు, వాకిలి, పాదాలు ఒకే గీత మీదికి రావాలి. ఇక్కడా అంతే. నక్షత్రం, గ్రహం, భూమి ఒకే గీత మీద పడాలి. హెచ్‌డీ 209458కి గ్రహం ఉందని గీతలు చెప్పాయి. అది ఎప్పుడు అడ్డు రావచ్చో కూడా ఆ లెక్కే చెప్పింది. 1999 సెప్టెంబరు 9న, 16న విద్యార్థి డేవిడ్ షార్బొనో, టిమోతీ బ్రౌన్‌తో కలిసి కొలరాడోలో ఆ వేళకు కాచుకుని కొలిస్తే, నక్షత్రం వెలుగు నూటికి ఒకటిన్నర వంతుకు పైగా తగ్గి, దాదాపు మూడు గంటల తర్వాత మళ్లీ తేరుకుంది. గ్రెగ్ హెన్రీ బృందం కూడా నవంబరులో ఆ తరుగును చూసింది. అలా గ్రహం కొలతలు తెలిశాయి. గురుడి కంటే లావు, బరువులో గురుడికి 70 శాతం. నీళ్లలో వేస్తే తేలేటంత పలచన.

షార్బొనో, బ్రౌన్ వాడిన దుర్భిణి నాలుగంగుళాలది, నరసింగరావు దుర్భిణి కంటే చిన్నది. దూరపు గ్రహాన్ని పట్టిచ్చింది అద్దం పరిమాణం కాదు, వేళ తెలిసి కాచుకోవడం, చూసింది చూసినట్టు రాసిపెట్టుకోవడం. ఆ రెండూ విశాఖ వేధశాలలో ఉండేవి.

ఇంకొక్క మాట. ఆ నక్షత్రం సుమారు 158 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే 1999లో ఆ చిన్న దుర్భిణిలో పడ్డ వెలుగు అక్కడ బయలుదేరింది 1840ల మొదట్లో, ఇక్కడ జగ్గారావు కొత్త వేధశాలలో పరిశీలనలు సాగిస్తున్న రోజుల్లో. గ్రహం అడ్డొచ్చినప్పుడు దాని గాలిలోంచి వడకట్టుకుని వచ్చే వెలుగును హబుల్ దుర్భిణితో విడదీసి చూస్తే 2001లో సోడియం బయటపడింది. అదే గాలిలో 2019లో మరో మూలకం గుర్తు దొరికింది. హీలియం. 1868లో మన తీరం మీదుగా సాగిన గ్రహణం ముందుగా చూపింది దాన్నే.