ఇంట గెలవకుండానే రచ్చ గెలిచిన పాట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నదీ ఆ పెద్దలే. రెండూ నిజమైతే ఆ పెరటి చెట్టు ఇంట గెలిచేదెప్పుడు? పాటల చరిత్రలో ఈ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే కథ ఒకటుంది. అదీ మాటలే లేని పాట కథ.

1967లో వియన్నాలో యూరోవిజన్ పాటల పోటీ జరిగింది. యూరప్ దేశాలు తలా ఒక పాట పంపి పోటీ పడే సంబరం అది. లక్సెంబర్గ్ అనే బుల్లి దేశం తరఫున, గ్రీసులో పుట్టిన విక్కీ లియాండ్రోస్ ఫ్రెంచిలో పాడింది. పాట పేరు 'లామూర్ ఎ బ్లూ', అంటే ప్రేమ నీలం అని. బాణీ ఆంద్రే పాప్‌ది, మాటలు పియెర్ కూర్‌వి. గెలుపు బ్రిటన్ గాయని శాండీ షాకి దక్కింది, ఈ పాట నాలుగో స్థానంలో ఆగిపోయింది.

ఆ బాణీని పోల్ మోరియా అనే ఫ్రెంచి ఆయన తీసుకుని, మాటలన్నీ తీసేసి, తన ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. ఆయన 1925లో మార్సేలో పుట్టాడు. షార్ల్ అజ్నవూర్ లాంటి పెద్ద గాయకులకి ఏళ్ళ తరబడి మ్యూజిక్ అరేంజరు. ఎక్కడ వయొలిన్ రావాలి, ఎక్కడ పియానో ఆగాలి, గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఏం వినిపించాలి, ఇవన్నీ చూసేది అరేంజరే. పాట బాగుంటే పేరు పాడినవాళ్ళకి వస్తుంది. పెళ్ళిలో భోజనాలు బాగున్నాయని అందరూ పెళ్ళివారిని మెచ్చుకున్నట్టన్నమాట. వంటశాలలో ఎవరున్నారో ఎవరడుగుతారు?

1961లో ఆయన ఫ్రాంక్ పుర్సెల్‌తో కలిసి 'షారియో' అనే పాటకి బాణీ కట్టినప్పుడు కూడా సొంత పేరు వేసుకోలేదు, డెల్ రోమా అని మారుపేరు పెట్టుకున్నాడు. ఆ బాణీకే ఇంగ్లీషు మాటలు రాసి లిటిల్ పెగ్గీ మార్చ్ చేత పాడిస్తే 1963లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది.

ఇప్పుడు ఈ నీలం పాట సంగతి. ఫ్రాన్సులో దానికి పెద్ద సందడేమీ లేదు. అమెరికాలో 'లవ్ ఈజ్ బ్లూ' పేరుతో రేడియోలకెక్కి, 1968 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం చేరి, ఐదు వారాలు అక్కడే కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ ఒక ఫ్రెంచి పేరు ఆ మెట్టెక్కడానికి 2017 దాకా పట్టింది, అదీ ద వీకెండ్ పాటలో డాఫ్ట్ పంక్ తోడుగా.

ఎందుకిలా జరిగింది? నాకు తోచింది చెప్తాను. ఫ్రెంచివాళ్ళకి పాటంటే ముందు మాటలు. మాటలు తీసేస్తే వాళ్ళకి అది వెనకాల మోగే సంగీతం మాత్రమే. అమెరికావాళ్ళకి ఫ్రెంచి మాటలు ఎలాగూ అర్థం కావు కాబట్టి, అవి లేవన్న లోటూ తెలియలేదు. పియానోకి అమ్మమ్మ లాంటి హార్ప్సికార్డ్ టింగుటింగుమంటుంటే, వయొలిన్లు వచ్చి చుట్టుకుంటుంటే హాయిగా విన్నారు.

అంతకు ముందు 1962లో ఇంగ్లండులోనూ ఇలాంటిదే జరిగింది. ఆకర్ బిల్క్ అనే క్లారినెట్ విద్వాంసుడు తన కూతురు జెన్నీ పేరు మీద ఒక రాగం కట్టాడు. బీబీసీ వాళ్ళు పిల్లల సీరియల్‌కి దాన్ని తీసుకుని 'స్ట్రేంజర్ ఆన్ ద షోర్' అని పేరు మార్చారు. స్వదేశంలో ఏడాదికి పైగా పట్టికలో ఉన్నా రెండో స్థానం దాటలేదు. అమెరికాలో మొదటి స్థానం కొట్టేసింది. 1969లో అపోలో 10 వ్యోమగాములు క్యాసెట్‌లో పెట్టుకుని చంద్రుడి చుట్టూ కూడా తిప్పుకొచ్చారు. ఒక నాన్న కూతురి కోసం కట్టిన రాగం ఎంత దూరం వెళ్ళిందో చూడండి!

ఈ కథలు చదువుతుంటే నాకు మా పిన్ని గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళు వీణ వాయించింది. ఇంట్లో అందరూ విన్నారు గానీ, ఎవరూ కూర్చుని వినలేదు. టీవీ సౌండు పెంచేవాళ్ళు, కాఫీ అడిగేవాళ్ళు. కూతురి పురుటికని న్యూజెర్సీ వెళ్తే, పక్కింటి అమెరికా ఆవిడ తలుపు కొట్టి, ఇంకోసారి వాయిస్తారా అని అడిగిందట. ఆ మాట ఫోన్లో చెప్తూ పిన్ని ఏడ్చింది. సంతోషమే, కాదనను. కానీ ఆ ఏడుపంతా సంతోషమే కాదని మనకి తెలుసు కదా.

మోరియా తర్వాతి జీవితం ఎక్కువగా జపానులోనే మోగింది. మళ్ళీ మళ్ళీ అక్కడికి వెళ్ళి వాయించాడు, 1998లో చివరి కచేరీ కూడా ఒసాకాలోనే. సోవియట్ టీవీలో జంతువుల కార్యక్రమం మొదలయ్యేది ఆయన ఆర్కెస్ట్రా సంగీతంతోనే. 2006లో మాత్రం ఫ్రాన్సులోనే, పెర్పిన్యాలో కన్నుమూశాడు.

రచ్చ గెలవడం గొప్పే. అయినా ఒసాకాలో హాలంతా చప్పట్లు కొట్టినా, న్యూజెర్సీలో పక్కింటావిడ తలుపు కొట్టినా, ఇంట్లోవాళ్ళు వినాల్సింది ఇంట్లోవాళ్ళే వినాలి. మీ ఇంట్లో కూనిరాగం తీసేవాళ్ళెవరైనా ఉంటే, ఈ పూట టీవీ కట్టేసి ఓ పది నిమిషాలు ఎదురుగా కూర్చోండి. కాఫీ మీరే కలపండి.